ఎవరి మస్టర్‌లో పేరు?



దసరా దగ్గరపడితే సింగరేణి ఊళ్లలో ఒకటే చర్చ. ఈసారి లాభాల వాటా ఎంత శాతం? కొత్తగూడెం, గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి ఎక్కడ చూసినా ఇదే. కార్మికులతో పాటు బట్టల కొట్ల వాళ్లు, బంగారం దుకాణాల వాళ్లు కూడా ఆ ప్రకటన కోసం చెవులు రిక్కించి కూర్చుంటారు. 2024లో ప్రభుత్వం 33 శాతం అని ప్రకటించింది. మొత్తం 796 కోట్లు. ఒక్కో పర్మినెంట్ కార్మికుడికి సగటున లక్షా 90 వేల రూపాయలు. ఆ ప్రకటనలోనే ఇంకో సంగతి కూడా ఉంది. కంపెనీలో తొలిసారిగా కాంట్రాక్టు కార్మికులకు కూడా కొంత ఇస్తున్నామని చెప్పారు. ఎంతంటే, తలకు 5,000. మరుసటి ఏడు వాటా 34 శాతమైంది. పర్మినెంట్ వాళ్ల సగటు లక్షా 95 వేలకు చేరింది. కాంట్రాక్టు వాళ్లకు 5,500.

ఆ 5,000 ఇచ్చినందుకు ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. అంతకుముందు అదీ లేదు. కానీ ఒకే బొగ్గు, ఒకే దుమ్ము, ఒకే షిఫ్టు సైరన్. అటువైపు లక్షా తొంభై వేలు, ఇటువైపు అయిదు వేలు. ఈ తేడా పనిలో ఉన్న కష్టాన్ని బట్టి వచ్చిందా, చదువును బట్టి వచ్చిందా? రెండూ కాదు. మస్టర్‌లో పేరు ఎవరి కింద ఉంది, కంపెనీ కిందా, కాంట్రాక్టరు కిందా అన్నదాన్ని బట్టి వచ్చింది. మన దేశంలో సంఘటిత రంగం జీతాల కథలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ ప్రసంగంలో ఆ సంగతే చెప్పుకుందాం.

సంఘటిత రంగం అనగానే మన కళ్ల ముందు కొన్ని గుర్తులు కదులుతాయి. ఒకటో తారీఖు జీతం, చేతికి పే స్లిప్పు, పీఎఫ్ కోత, ఈఎస్‌ఐ కార్డు, ఏడాదికో ఇంక్రిమెంటు. ఈ గుర్తులన్నీ ఉన్నవాళ్లు ఎంతమంది? జాతీయ గణాంక కార్యాలయం 2017 నుంచి ఏటా శ్రామిక శక్తి సర్వే చేస్తోంది. 2017-18లో పనిచేసే ప్రతి 100 మందిలో నెలజీతగాళ్లు 23 మంది. 2023-24కి వచ్చేసరికి 22 మందికి కాస్త తక్కువ. మిగిలినవాళ్లు సొంత పని చేసుకునేవాళ్లు, రోజు కూలీలు. పోనీ ఆ 23 మందైనా నిశ్చింతగా ఉన్నారా అంటే అదీ లేదు. వ్యవసాయం కాక మిగతా రంగాల్లో నెలజీతం తీసుకుంటున్నవాళ్లలో 71 శాతం మందికి రాతపూర్వకంగా ఉద్యోగ ఒప్పందమే లేదని ఆ మొదటి సర్వేలోనే తేలింది. 54 శాతం మందికి జీతంతో కూడిన సెలవు లేదు. దాదాపు సగం మందికి పీఎఫ్ గానీ, పింఛను గానీ, వైద్యం గానీ ఏ ఆసరా లేదు.

ఈ సంగతి సర్వే కంటే ముందే చెప్పినవారు ఉన్నారు. ఆర్థికవేత్త అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతన అసంఘటిత రంగంపై వేసిన జాతీయ కమిషన్ 2007లోనే ఒక హెచ్చరిక చేసింది. సంఘటిత రంగంలో కొత్తగా పుడుతున్న ఉద్యోగాలు పేరుకే సంఘటితం, వాటి స్వభావం అసంఘటితమే అని. గేటు మీద పెద్ద కంపెనీ బోర్డు ఉంటుంది. గేటు దాటి లోపలికెళ్లే మనిషికి ఆ కంపెనీతో ఏ రాతకోతలూ ఉండవు.

ఇక జీతాలు పెరిగాయా, తరిగాయా? స్లిప్పు మీది అంకె ఎప్పుడూ పెరుగుతూనే కనిపిస్తుంది. ధరల పెరుగుదల తీసేసి చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. 2025 జనవరి ఆఖరున పార్లమెంటు ముందుకొచ్చిన ఆర్థిక సర్వే ఆ లెక్క వేసింది. ధరల ప్రభావం తీసేశాక, నెలజీతం తీసుకునే మగవారి సగటు ఆదాయం 2017-18లో 12,665 రూపాయలు. 2023-24లో 11,858. ఆడవారిది 10,116 నుంచి 8,855కి పడిపోయింది. ఆరేళ్లలో ముందుకు పోవడం అటుంచి, వెనక్కి వచ్చారన్నమాట. విచిత్రం ఏమిటంటే, అదే కాలంలో రోజు కూలీలుగా వెళ్లే మగవారి కూలి, ధరలు తీసేశాక కూడా, 205 నుంచి 242 రూపాయలకు పెరిగింది. కూలి పని నుంచి నెలజీతానికి మారితే కుటుంబం ఒక మెట్టు ఎక్కినట్టేనని మన ఇళ్లలో ఒక నమ్మకం. ఆ మెట్టు ఎత్తు తగ్గిపోతోంది.

సగటు తగ్గిందంటే అందరి జీతమూ తగ్గిందని కాదు, ఇక్కడ కాస్త జాగ్రత్తగా ఉండాలి. ప్రైవేటు బడిలో పది వేలకు చేరిన టీచరమ్మ, షాపింగ్ మాల్‌లో నిలబడి పనిచేసే కుర్రాడు, అపార్టుమెంటు వాచ్‌మన్, వీళ్లంతా సర్వే లెక్కలో నెలజీతగాళ్లే. చిన్న జీతాలవాళ్లు ఎక్కువగా వచ్చి చేరితే సగటు కిందికి జారుతుంది. అయితే ఆ ఆర్థిక సర్వేలోనే ఉన్న మరో లెక్కను దీని పక్కన పెట్టి చూడండి. 2023-24లో దేశంలోని 500 పెద్ద లిస్టెడ్ కంపెనీల లాభాలు 22 శాతం పైగా పెరిగాయి. స్థూల దేశీయోత్పత్తిలో వాటి లాభాల వాటా పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత ఎత్తుకు, 4.8 శాతానికి చేరింది. ఉద్యోగాలు మాత్రం ఒకటిన్నర శాతం పెరిగాయి. ఇది కార్మిక సంఘం కరపత్రంలోని మాట కాదు, ప్రభుత్వ ముఖ్య ఆర్థిక సలహాదారు కార్యాలయం రాసిన మాట.

ఇప్పుడు సర్కారు కొలువుల దగ్గరికి వద్దాం. మన ఇళ్లలో పెళ్లిచూపుల దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా అన్నిటికీ కొలమానం ఇదే కదా.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చే వేళకు మొదటి కేంద్ర వేతన సంఘం నివేదిక వచ్చింది. అప్పట్లో అట్టడుగు ఉద్యోగి కనీస జీతం 55 రూపాయలు. పైనున్న అధికారికీ అతనికీ మధ్య తేడా దాదాపు 40 రెట్లు. తర్వాత వచ్చిన సంఘాల కాలంలో మొత్తం మీద ఈ దూరం తగ్గింది. 2016 జనవరి నుంచి అమలైన ఏడో వేతన సంఘం లెక్కలో కనీస మూలవేతనం 18,000, కేబినెట్ సెక్రటరీకి 2,50,000. అంటే 14 రెట్లు. ఆ 18,000 కూడా నోటికొచ్చిన అంకె కాదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక మహాసభ ఒక కొలత పెట్టింది. భర్త, భార్య, ఇద్దరు పిల్లలను కలిపి మూడు వినియోగ యూనిట్లుగా లెక్కగట్టాలి. ఒక్కో యూనిట్‌కు రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల బట్ట. దాని మీద ఇంటి అద్దె, వంటచెరకు, దీపం ఖర్చు. డాక్టర్ ఐక్రాయిడ్ అనే పోషకాహార నిపుణుడి సూత్రం దీనికి ఆధారం. బియ్యం, పప్పు, పాలు, గుడ్డలు ఒక్కొక్కటి లెక్కగట్టి తేల్చిన జీతం అది.

చాలా గౌరవప్రదమైన పద్ధతి. కానీ అదే ఏడో వేతన సంఘం, అహ్మదాబాద్ ఐఐఎంతో ఒక అధ్యయనం కూడా చేయించింది. ప్రభుత్వంలో అట్టడుగున ఉన్న హెల్పర్‌కు అన్నీ కలిపి 22,579 రూపాయలు వస్తుంటే, ప్రైవేటు సంస్థల్లో అదే పని చేసే మనిషికి 8,000 నుంచి 9,500 వస్తున్నాయని తేలింది. రెండు రెట్ల కంటే ఎక్కువ తేడా. మరి ప్రభుత్వాలు ఏం చేశాయి? ఆ హెల్పర్లను నియమించడం తగ్గించాయి. ఆరో వేతన సంఘం తర్వాత గ్రూప్-డి అన్న తరగతే లేకుండా పోయింది. ఉన్నవాళ్లను పైకి తీసుకున్నారు, మంచిదే. ఊడ్చే పని, కాపలా పని, తోట పని క్రమంగా ఏజెన్సీలకు వెళ్లిపోయాయి. సెక్రటేరియట్ మెట్లు ఊడ్చే మనిషి ఇవాళ సెక్రటేరియట్ ఉద్యోగి కాదు. ఏ టెండరులో ఎవరు తక్కువకు కోట్ చేశారో వాళ్ల మనిషి.

ఇప్పుడు ఆ 14 రెట్ల లెక్క మళ్లీ చూడండి. పైకీ కిందికీ దూరం తగ్గిందని నివేదికలో ఉంది. కింద ఉన్నవాళ్లలో చాలామందిని జాబితాలోంచే తీసేశాక తగ్గదా మరి? ఉద్యోగిగా పెట్టుకుంటే ఐక్రాయిడ్ సూత్రం, టెండరు పిలిస్తే మార్కెట్ రేటు. ఒకే ప్రభుత్వం, రెండు జేబులు.

మొదటి రోజు జీతంలో ఉన్న తేడా ఏళ్లు గడిచేకొద్దీ ఎలా పెరుగుతుందో చూద్దాం. పర్మినెంట్ ఉద్యోగికి మూడు దారుల్లో జీతం పెరుగుతుంది. ఏటా 3 శాతం ఇంక్రిమెంటు. ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం. కొన్నేళ్లకోసారి పే రివిజన్. కేంద్రంలో కరువు భత్యం 2016లో సున్నా దగ్గర మొదలై, కోవిడ్ కాలంలో ఏడాదిన్నర ఆగి, 2025 జులై నాటికి 58 శాతానికి వచ్చింది. అంటే 18,000 మూలవేతనం మీద కరువు భత్యం ఒక్కటే 10 వేలు దాటింది. అదే ఔట్‌సోర్సింగ్ మనిషిది కన్సాలిడేటెడ్ పే. ముద్ద జీతం. ఎవరో జీవో ఇస్తే తప్ప కదలదు. 15,000 దగ్గర అయిదేళ్లు ఆగిపోయిందనుకోండి, ధరలు ఏటా 5 శాతం పెరిగాయనుకోండి. అయిదో ఏడు చివరికి ఆ 15,000కు వచ్చే సరుకు, మొదట్లో 11,750కి వచ్చినంతే. ఎవరూ జీతం కోయలేదు. అయినా మూడు వేల పైచిలుకు పోయింది.

మన రెండు రాష్ట్రాల్లో పీఆర్సీ అంటే తెలియనివారు లేరు. తెలంగాణలో 2021లో 30 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించినప్పుడు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకూ పెంపు వర్తింపజేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 23 శాతం ఫిట్‌మెంట్ మీద పేచీ వచ్చి, ఫిబ్రవరి 3న ఛలో విజయవాడకు వేలమంది ఉద్యోగులు తరలివచ్చారు. అంతకుముందు, 2020లో, అక్కడే ఆప్కాస్ అని ప్రభుత్వ కార్పొరేషన్ ఒకటి పెట్టారు. మధ్యలో ఏజెన్సీ కమీషన్లు, జీతాల కోతలు, పీఎఫ్ ఎగవేతలు లేకుండా ఔట్‌సోర్సింగ్ వాళ్ల ఖాతాలో నేరుగా జీతం వేయడం దాని ఉద్దేశం. మధ్యవర్తిని తీసేయడం నిజంగా మేలే. కానీ స్కేలు రాలేదు, కరువు భత్యం రాలేదు. ఫిట్‌మెంట్ మీద ఊరేగింపులు జరిగినప్పుడు ముందు వరసలో ఉండేది స్కేలు ఉన్నవాళ్లు. నర్సుల డ్యూటీ గదిలో పక్క కుర్చీలో కూర్చున్న ఔట్‌సోర్సింగ్ నర్సమ్మ ఆ రోజు ఇద్దరి డ్యూటీ చేసింది.

సమాన పనికి సమాన వేతనం అన్న మాట చట్టంలో లేదా అంటే, ఉంది. ఢిల్లీ పోలీసు శాఖలో డ్రైవరుగా పనిచేసిన రణ్‌ధీర్ సింగ్ కేసులో 1982లోనే సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని రాజ్యాంగంలోంచి తీసి చూపించింది. 2016 అక్టోబరులో జగ్జీత్ సింగ్ కేసు తీర్పులో ఇంకా ముందుకు వెళ్లింది. రెగ్యులర్ ఉద్యోగులతో సమానంగా పనిచేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ పోస్టు స్కేలులోని కనీస వేతనం ఇవ్వాల్సిందేనని చెప్పింది. తక్కువ జీతానికి ఒప్పుకున్నారు కదా అన్న వాదనను కోర్టు ఒప్పుకోలేదు. కుటుంబాన్ని సాకడానికి గత్యంతరం లేక ఒప్పుకుంటారు తప్ప ఇష్టపడి కాదని చెప్పింది. ఈ తీర్పు పట్టుకుని మన హైకోర్టుల గడప ఎక్కినవాళ్లు లెక్కలేనంతమంది. అయితే తీర్పు ప్రధానంగా ప్రభుత్వం నేరుగా పెట్టుకున్న తాత్కాలిక ఉద్యోగుల గురించి. మధ్యలో ఏజెన్సీ ఉంటే, మీరు మా మనిషే కాదు పొమ్మనడానికి దారి తెరిచి ఉంది. ఏజెన్సీల వ్యాపారం ఇంతగా పెరగడానికి ఆ దారి కూడా ఒక కారణమని నేను అనుకుంటాను.

ఫ్యాక్టరీల్లో ఏం జరుగుతోంది? వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం ఈ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీ కార్మికుల్లో దాదాపు అయిదుగురిలో ఒకరు కాంట్రాక్టు కార్మికులు. 2022-23 నాటికి పదిమందిలో నలుగురు దాటారు. ఫ్యాక్టరీలు అదనంగా సృష్టించిన నికర విలువలో కార్మికుల కూలి వాటా 1980ల ఆరంభంలో 30 శాతం దగ్గర ఉండేది. 2007-08 నాటికి 10 శాతం చుట్టూ వచ్చింది. యంత్రాలు పెరిగాయి, నిజమే, వాటి మీద పెట్టుబడీ పెరిగింది. కానీ బేరమాడే సత్తా పోవడం కూడా ఇందులో ఉంది. కాంట్రాక్టు కార్మికుడు యూనియన్‌లో చేరితే, టెండరు మారినప్పుడు కొత్త కాంట్రాక్టరు జాబితాలో పేరు ఉండకపోవచ్చు. ఆ భయం ఒక్కటి చాలు.

1970లో కాంట్రాక్టు కార్మికుల చట్టం వచ్చింది. 1971 నాటి కేంద్ర నియమాల్లో, ప్రధాన యజమాని దగ్గర అదే పని చేసేవారికి ఎంత ఇస్తున్నారో కాంట్రాక్టు కార్మికుడికీ అంతే ఇవ్వాలని స్పష్టంగా రాశారు. అయిదు దశాబ్దాలు అది కాగితం మీద ఉంది. దాన్ని తప్పించుకోవడం మహా సులువు. పని పేరు మారిస్తే సరి. అతను ఫిట్టర్, ఇతను హెల్పర్. చేతిలో స్పానర్ ఒకటే.

హైదరాబాదు హైటెక్ సిటీ సంగతి వేరు కదా అనొచ్చు. అక్కడ మాట్లాడేది లక్షల్లో. కానీ 2010 ప్రాంతంలో పెద్ద ఐటీ సేవల కంపెనీల్లో కొత్తగా చేరే ఇంజనీరుకు ఏడాదికి 3 లక్షల పైచిలుకు ఇచ్చేవారు. పదేళ్లు దాటాక కూడా అది మూడున్నర లక్షల చుట్టుపక్కలే తచ్చాడుతోంది. ఈలోగా ధరలు రెట్టింపు దాటాయి. గచ్చిబౌలిలో హాస్టల్ అద్దె సంగతి చెప్పక్కర్లేదు. కారణం వెతకడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, మన జిల్లాల్లో జాతీయ రహదారుల పక్కన వరసగా కనిపించే ఇంజనీరింగు కాలేజీలే చాలు. ఏటా లక్షల్లో పట్టాలు వస్తుంటే మొదటి జీతం పెంచాల్సిన అవసరం కంపెనీకేముంది? కోడింగులో ప్రత్యేక పరీక్ష నెగ్గిన కొద్దిమందికి రెట్టింపు ఇస్తారు. మిగతావారిది గుంపు జీతం.

అదే కంపెనీల్లో పైనున్న పెద్దల జీతం సగటు ఉద్యోగి జీతానికి వందల రెట్లు ఉంటుంది. దీన్ని బయటపెట్టేలా 2013 కంపెనీల చట్టం ఒక మంచి పని చేసింది. ప్రతి లిస్టెడ్ కంపెనీ, డైరెక్టర్ల జీతం మధ్యస్థ ఉద్యోగి జీతానికి ఎన్ని రెట్లో వార్షిక నివేదికలో చెప్పాలి. కానీ మధ్యస్థం తీసేటప్పుడు లెక్కలోకి వచ్చేది కంపెనీ సొంత ఉద్యోగులు. క్యాంటీన్‌లో వడ్డించేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, గేటు దగ్గరి సెక్యూరిటీ, వీళ్లెవరూ అందులో ఉండరు. మళ్లీ అదే కథ, జాబితాలో లేనివాళ్లు సగటును పాడుచేయలేరు. సెబీ 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్మినెంట్ కానివారి లెక్కలు కూడా విడిగా ఇవ్వాలని నిబంధన పెట్టింది. షేర్లు కొనేవాళ్లకంటే యూనియన్ల వాళ్లు ఆ పేజీలు చదవాలి.

ఆడవారి జీతాల గురించి ఒక మాట. 1976లోనే సమాన వేతన చట్టం వచ్చింది కాబట్టి, ఒకే స్కేలులో ఉన్న ఆడ, మగ ఉద్యోగుల స్లిప్పుల్లో తేడా దొరకదు. ఆడవారిని ఏ పనుల్లోకి తీసుకుంటున్నారన్న దగ్గర తేడా ఉంది. అంగన్‌వాడీ టీచరుకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలు. కానీ 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు మొదలుపెట్టిన సమ్మె 42 రోజులు సాగింది. మధ్యలో ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సర్వీసుల చట్టం ఎస్మా ప్రయోగించింది. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, పని ఆపితే అత్యవసర సర్వీసు! 2022లో సుప్రీంకోర్టు వీళ్లకు గ్రాట్యుటీ హక్కు ఉందని చెప్పడం ఒక్కటే కాస్త ఊరట.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. జీతాల వరకు రెండు మార్పులు ముఖ్యం. అలవెన్సులు మొత్తం జీతంలో సగానికి మించకూడదు, మించితే ఆ మించినదాన్ని కూడా వేతనంగానే లెక్కగడతారు. గ్రాట్యుటీ లెక్క దీంతో పెరుగుతుంది. రెండోది, నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ వస్తుంది, అయిదేళ్లు ఆగనక్కర్లేదు. ఇంకోవైపు జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షతన ఎనిమిదో వేతన సంఘం పని మొదలుపెట్టింది. ఫిట్‌మెంట్ ఎంత అన్నదాని మీద ఇప్పటికే వాట్సాప్ నిండా లెక్కలు తిరుగుతున్నాయి. ఆ లెక్కల్లో టెండరు మీద పనిచేసేవాళ్ల ఊసు లేదు.

అలాంటివాళ్లు ఈ ప్రసంగం వింటుంటే, ఒక పనికొచ్చే సంగతి చెప్పి ముగిస్తాను. పీఎఫ్ తప్పనిసరి అయ్యే జీతం పరిమితిని 2014 సెప్టెంబరులో 6,500 నుంచి 15,000 చేశారు. పదేళ్లు గడిచినా ఆ అంకె కదల్లేదు. ఆ లోపు జీతం ఉన్నవాళ్లకు కోత, యజమాని వాటా రెండూ జమ కావాలి. మీ యూఏఎన్ నంబరుతో ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిచి నెలనెలా చూసుకోండి. స్లిప్పులో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేకపోతే కాంట్రాక్టరు చుట్టూ తిరుగుతూ కూర్చోనక్కర్లేదు. కాంట్రాక్టరు జీతం ఎగ్గొట్టినా, పీఎఫ్ కట్టకపోయినా, పని చేయించుకున్న ప్రధాన యజమానే బాధ్యుడని చట్టం చెబుతోంది. పీఎఫ్ కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చేటప్పుడు కాంట్రాక్టరు పేరుతో పాటు ఆ కంపెనీ పేరు, లేదా ఆ శాఖ పేరు కూడా రాయండి. గేటు పాస్ నకలు ఉంటే జతచేయండి. మీరు అక్కడే పనిచేశారనడానికి చాలాసార్లు మీ దగ్గర ఉండే కాగితం అదొక్కటే.